తలుపు తాళం, అలారం కూత: కారులో లోపాన్ని వెదికే పద్ధతి

కారు తలుపులకు తాళం వేసే విద్యుత్ వ్యవస్థ, పరాయి చేయి పడినప్పుడు కూత పెట్టే అలారం వ్యవస్థ వేర్వేరు పనులకు ఉద్దేశించినవే అయినా, భారతదేశపు రోడ్లపై తిరిగే చిన్న కార్లలో చాలావాటిలో ఆ రెండింటికీ ఆజ్ఞలు ఒకే పెట్టె నుంచి వెళ్తాయి, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే స్విచ్చులూ రెండింటికీ ఒకటే. అందువల్ల తలుపులో పుట్టిన లోపం అలారం కూతగా బయటపడడం, అలారం పెట్టెలో వచ్చిన లోపం తలుపు తెరుచుకోకపోవడంగా కనిపించడం తరచు జరిగేదే. ఈ సంబంధాన్ని గమనించని చోట ముందుగా సైరన్ మారుస్తారు, ఆ తర్వాత పెట్టె మారుస్తారు, వేలకు వేలు ఖర్చయ్యాక కూడా మూడో రాత్రికి వీధి మొత్తం మళ్ళీ మేలుకొంటుంది. లోపం కనిపించిన తీరును ఓపికగా గమనించి, కరెంటు వెళ్ళే దారిని ఒక్కొక్క మజిలీ వద్ద పరీక్షిస్తే, చాలా సందర్భాల్లో కొత్త పరికరం కొనవలసిన అవసరమే రాదు. తెగిన ఒక తీగ, తుప్పు పట్టిన ఒక స్విచ్చు, నీరసించిన ఒక సెల్లు, వీటిలో ఏదో ఒకటి అసలు కారణంగా తేలుతుంది.

రిమోట్‌తో తలుపు తెరిచే సదుపాయం 1982లో ఫ్రాన్సు దేశపు రెనో ఫ్యూగో కారుతో వాడకంలోకి వచ్చింది. పాల్ లిప్‌షుట్జ్ రూపొందించిన ఆ పరికరం రేడియో తరంగాలతో కాక, టీవీ రిమోట్ మాదిరిగా పరారుణ కిరణాలతో పనిచేసేది. భారతదేశంలో 1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800 వంటి కార్లు ఎక్కువగా మామూలు తాళంచెవితోనే అమ్ముడుపోయేవి కనుక, అన్ని తలుపులకూ ఒకేసారి తాళం వేసే సెంట్రల్ లాకింగ్ కావలసినవారు యాక్సెసరీస్ దుకాణంలో ఒక కిట్ కొని బిగించుకునేవారు. విజయవాడ ఆటోనగర్‌లోనూ హైదరాబాద్ పుత్లీబౌలిలోనూ అలా బిగించిన కార్లు లెక్కకు అందనివి. ఆ కార్లలో ఎన్నో ఇప్పుడు రెండో చేతికో మూడో చేతికో వచ్చాయి. ఏ తీగ ఎక్కడ కలిపారో చెప్పే కాగితం ఏ యజమాని దగ్గరా లేదు. కంపెనీ బిగించిన వ్యవస్థకు వైరింగ్ పటం ఉంటుంది, బయట బిగించినదానికి బిగించినవారి జ్ఞాపకమే పటం. ఈ వ్యాసం ప్రధానంగా ఈ రెండో రకం కార్లను దృష్టిలో పెట్టుకున్నదే అయినా, ఇందులోని పద్ధతి మొదటి రకానికీ చాలావరకు వర్తిస్తుంది.

వ్యవస్థ పనితీరు తెలిస్తే సగం వెదుకులాట తప్పుతుంది. ప్రతి తలుపు లోపల, డోర్ ప్యాడ్ అనబడే లోపలి అట్ట వెనుక, 12 వోల్టులతో నడిచే ఒక చిన్న మోటారు ఉంటుంది. అది పళ్ళ చక్రాల ద్వారా ఒక కడ్డీని ముందుకు తోస్తే తాళం పడుతుంది, వెనక్కి లాగితే తాళం వీడుతుంది. దిశ మారడానికి వేరే యంత్రాంగం ఏదీ లేదు, మోటారుకు వెళ్ళే రెండు తీగల్లో పాజిటివ్, నెగటివ్ తారుమారు కావడమే దాని రహస్యం. ఆ తారుమారు చేసేవి నియంత్రణ పెట్టెలోని రిలేలు. చిన్న కరెంటు అందుకొని పెద్ద కరెంటును కలిపే లేదా తెంపే విద్యుదయస్కాంత స్విచ్చును రిలే అంటారు. మోటారుకు కరెంటు అందేది అర సెకను నుంచి ఒక సెకను లోపు మాత్రమే, అంతకంటే ఎక్కువసేపు అందితే అది కాలిపోతుంది. డ్రైవరు తలుపులో ఉండే మోటారుకు సాధారణంగా ఐదు తీగలు ఉంటాయి. వాటిలో రెండు మోటారువి, మిగిలిన మూడూ దానిలోనే అమర్చిన చిన్న స్విచ్చువి. డ్రైవరు తాళంచెవి తిప్పినా, లోపలి పిన్ను నొక్కినా ఆ స్విచ్చు పెట్టెకు కబురు చేస్తుంది, పెట్టె మిగతా మూడు తలుపులకూ ఆజ్ఞ పంపుతుంది. మిగతా తలుపుల మోటార్లకు రెండేసి తీగలే ఉంటాయి, అవి ఆజ్ఞ అందుకోవడమే తప్ప ఇవ్వలేవు.

ఈ నిర్మాణం తెలిసినవారికి లక్షణమే లోపం ఉన్న చోటును చూపిస్తుంది. నాలుగు తలుపులూ ఒకేసారి మొరాయిస్తే లోపం తలుపుల్లో ఉండదు. నాలుగు మోటార్లు ఒకే రోజు చెడిపోవడం జరిగే పని కాదు కనుక ఫ్యూజునో, పెట్టెకు వచ్చే కరెంటునో, ఎర్త్ తీగనో, పెట్టెనో అనుమానించాలి. ఒక్క తలుపు మాత్రమే పనిచేయకపోతే పెట్టె జోలికి వెళ్ళడం వృథా. డ్రైవరు తలుపులో తాళంచెవి తిప్పితే నాలుగూ పడి, రిమోట్ నొక్కితే ఒక్కటీ పడకపోతే దోషం రిమోట్‌లోనో, దాని సంకేతం అందుకునే భాగంలోనో ఉంది. రిమోట్‌తో నాలుగూ పడి, తాళంచెవితో డ్రైవరు తలుపు ఒక్కటే పడితే ఆ ఐదు తీగల మోటారులోని స్విచ్చునో, దాని మూడు తీగలనో చూడాలి. తాళం పడిన వెంటనే దానంతటదే వీడిపోవడం అన్నిటికంటే జనాన్ని కలవరపెట్టే లక్షణం. దీనికి చాలాసార్లు ఆ స్విచ్చే కారణం. కడ్డీ పూర్తిగా ప్రయాణించక మధ్యలో ఆగితే స్విచ్చు తాళం వీడినట్టు పెట్టెకు చెబుతుంది, పెట్టె ఆ మాట నమ్మి అన్ని తలుపులనూ తెరుస్తుంది. అక్కడ పెట్టె తప్పేమీ లేదు, తనకు అందిన సమాచారం ప్రకారమే అది నడుచుకుంది.

ఈ పరీక్షలకు కంటికంటే చెవి ఎక్కువ సాయపడుతుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట కారు నిలిపి, ఒకరు రిమోట్ నొక్కుతూ ఉండగా మరొకరు డ్యాష్‌బోర్డు కిందికి వంగి వింటే పెట్టెలోని రిలే చేసే సన్నని టిక్కు శబ్దం వినబడుతుంది, ఆ తర్వాత ప్రతి తలుపు వద్దా చెవి ఆనిస్తే మోటారు తోసిన బలమైన చప్పుడు వినబడుతుంది. రిలే శబ్దం కూడా లేకపోతే ఆజ్ఞ పెట్టె దాకా చేరలేదు, లేదా పెట్టెకు కరెంటు లేదు. రిలే టిక్కుమని మోటారు మౌనంగా ఉంటే తీగ తెగిందో, మోటారు కాలిందో తేల్చుకోవాలి. మోటారు గుర్రుమంటూ కడ్డీ కదలకపోతే లోపలి ప్లాస్టిక్ పళ్ళు అరిగిపోయాయి, లేదా కడ్డీని పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి కడ్డీ జారిపోయింది. చప్పుడు బలహీనంగా, సాగదీసినట్టు వస్తే బ్యాటరీ నీరసించిందో, ఎర్త్ సరిగా లేదో, తాళం యంత్రాంగంలో దుమ్ము, ఎండిన గ్రీజు బిగుసుకుపోయిందో చూడాలి.

రిమోట్‌తో మొదలుపెట్టడం సులువు, ఖర్చు లేనిది కూడా. ఎక్కువ రిమోట్లలో సిఆర్ 2032 అనే బిళ్ళ సెల్లు ఉంటుంది. ఆ అంకెల్లో మొదటి రెండూ దాని వ్యాసం 20 మిల్లీమీటర్లనీ, తర్వాతి రెండూ దాని మందం 3.2 మిల్లీమీటర్లనీ తెలుపుతాయి. కాబట్టి 2025, 2016 అనే సెల్లులు అదే వెడల్పు ఉన్నా పలచగా ఉండి, 2032 స్థానంలో వదులుగా కూర్చొని ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తాయి. మీటరుపై 3 వోల్టులకు కాస్త పైన చూపవలసిన సెల్లు 2.8కి దిగువకు జారిందంటే దాన్ని మార్చడమే మేలు. బయట బిగించిన కిట్లలోని పాత రిమోట్లలో పొట్టిగా గుండ్రంగా ఉండే 12 వోల్టుల సెల్లు వస్తుంది, దానికి 23ఎ, 27ఎ అనే రెండు కొలతలు ఉన్నాయి, ఒకదానికి బదులు మరొకటి ఇమడదు. తీసివేసిన బిళ్ళ సెల్లును పిల్లలకు అందే చోట వదలడం ప్రాణాపాయం. మింగిన సెల్లు రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. అందువల్ల దాన్ని వెంటనే టేపు చుట్టి దూరంగా పడవేయాలి.

సెల్లు కొత్తదైనా తలుపు స్పందించకపోతే రిమోట్‌కూ పెట్టెకూ మధ్య లెక్క తప్పి ఉండవచ్చు. పూర్వపు రిమోట్లు ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపేవి కనుక, దాన్ని రికార్డు చేసిన దొంగ మళ్ళీ పంపి తలుపు తెరవగలిగేవాడు. దీనికి విరుగుడుగా నొక్కిన ప్రతిసారీ మారే సంకేత పద్ధతి వచ్చింది, దీన్ని రోలింగ్ కోడ్ అంటారు. 1980లలో దక్షిణాఫ్రికాలో రూపుదిద్దుకొని 1995లో అమెరికా కంపెనీ మైక్రోచిప్ చేతికి వచ్చిన కీలాక్ ఈ కోవలో బాగా ప్రచారం పొందిన పద్ధతి. రిమోట్‌లో ఒక లెక్క, పెట్టెలో ఒక లెక్క నడుస్తూ, రిమోట్ లెక్క కొంత ముందుకు వెళ్ళినా పెట్టె అంగీకరిస్తుంది. కీలాక్‌లో ఆ సడలింపు 16 నొక్కుల దాకా ఉంటుంది. రిమోట్ పిల్లల చేతిలో ఆటవస్తువై, కారుకు దూరంగా అంతకంటే ఎక్కువసార్లు నొక్కుడు పడితే మొదటి నొక్కుకు తలుపు పలకదు. కారు దగ్గర నిలబడి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే వరుసగా వచ్చిన రెండు సంకేతాలనూ చూసి పెట్టె మళ్ళీ లెక్క సరిచేసుకుంటుంది. అలా కూడా కుదరకపోతే, ఆ కిట్‌కు చెప్పిన విధానంలో రిమోట్‌ను పెట్టెకు కొత్తగా నేర్పించాలి.

ఇంటి దగ్గర చక్కగా పనిచేసే రిమోట్ ఒకానొక చోట మాత్రమే మూగబోతుంటే కారులో దోషం లేదనుకోవచ్చు. భారతదేశంలో కారు రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్‌జ్ వద్ద పనిచేస్తాయి, లైసెన్సు అక్కరలేని ఆ పౌనఃపున్యాన్నే గేట్ల రిమోట్లు, తీగలేని కాలింగ్ బెల్లులు, మరెన్నో చిన్న పరికరాలు పంచుకుంటాయి. వాటిలో ఏదైనా చెడిపోయి ఎడతెరిపి లేకుండా ప్రసారం చేస్తుంటే ఆ చుట్టుపక్కల కార్లన్నీ ఇబ్బంది పడతాయి. పక్క కారు యజమానిని కూడా ఒకసారి రిమోట్ నొక్కి చూడమంటే ఈ సంగతి నిమిషంలో తేలిపోతుంది.

తరువాతి మజిలీ ఫ్యూజు, బ్యాటరీ. బ్లేడు ఆకారంలో ఉండే ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లకు, నీలం 15కు, పసుపు 20కి గుర్తు. కాలిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఆంపియర్లది పెట్టడం, దాని కాళ్ళను తీగతో కలపడం చాలా ప్రమాదకరమైన పనులు, ఎందుకంటే అప్పుడు ఫ్యూజుకు బదులు తీగే కాలుతుంది. ఫ్యూజు మార్చిన వెంటనే మళ్ళీ కాలితే, ఏ తలుపు మూసినప్పుడు కాలిందో గమనిస్తే షార్టు ఉన్న తలుపు దొరుకుతుంది. బ్యాటరీ విషయంలో, ఇంజన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 వోల్టుల చుట్టూ ఉంటే అది నిండుగా ఉన్నట్టు, 12కు దగ్గరగా ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు. నీరసించిన బ్యాటరీ వల్ల తాళాలు సగం పడడమే కాక, వోల్టేజీ తగ్గుదలను దొంగతనంగా భావించే కొన్ని అలారాలు అర్ధరాత్రి కూత మొదలుపెడతాయి.

ఒక్క తలుపు మాత్రమే పనిచేయని సందర్భం అన్నిటికంటే ఎక్కువగా ఎదురవుతుంది, ఓపిక ఎక్కువ అవసరమయ్యేదీ అక్కడే. తలుపుకూ కారు స్తంభానికీ మధ్య, కీళ్ళ దగ్గర, ముడతలు ముడతలుగా ఉండే నల్లని రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, తలుపులోకి వెళ్ళే తీగలన్నీ అందులోంచే పోతాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తీగలు ఒకవైపుకు, మూసిన ప్రతిసారీ మరొకవైపుకు వంగుతాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే కాసేపటికి పుటుక్కున తెగినట్టే, సంవత్సరాల తరబడి వంగిన రాగి పోగులు కూడా ఒక్కొక్కటిగా తెగుతాయి. రోజంతా తెరుచుకుని మూసుకునేది డ్రైవరు తలుపే కనుక మొదట తెగేది కూడా అక్కడే, ఆ తర్వాతి వంతు తరచు డిక్కీ తలుపుది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండా ఉండి లోపలి రాగి మాత్రం తెగి ఉంటుంది కాబట్టి చూపుకు తీగ నిక్షేపంగా కనిపిస్తుంది. తలుపును పూర్తిగా తెరిచి, సగం తెరిచి, దాదాపు మూసి, ప్రతి స్థితిలోనూ రిమోట్ నొక్కి చూసినప్పుడు ఒక స్థితిలో పనిచేసి మరో స్థితిలో మానేస్తే లోపం ఆ గొట్టంలోనే ఉందని దాదాపు నిర్ధారణ అయినట్టే.

అప్పుడు రబ్బరు గొట్టాన్ని స్తంభం వైపునుంచి నెమ్మదిగా ఊడదీసి, వెనక్కి మడిచి, ఒక్కొక్క తీగనూ రెండు వేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా లాగాలి. బాగున్న తీగ గట్టిగా నిలబడుతుంది. తెగిన తీగ ఆ ఒక్కచోట రబ్బరులా సాగుతుంది, సాగిన చోట తొడుగు సన్నబడి రంగు తేలిపోతుంది. అక్కడ కోసి చూస్తే సముద్ర తీరపు పట్టణాల్లోని కార్లలో రాగి పోగులు నల్లగానో, పచ్చని పొడి పట్టిపోయో కనిపిస్తాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల గాలిలోని ఉప్పు తేమకు ఇది మామూలే. పాడైన రాగి పూర్తిగా పోయి మెరిసే రాగి కనిపించే దాకా కోసి, అంతే మందం ఉన్న, సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని తీగ ముక్కను కలపాలి. కలిపిన అతుకులు వంపు దగ్గర ఉండకుండా, ఒకటి స్తంభం లోపలికి, ఒకటి తలుపు లోపలికి పోయేటట్టు కాస్త పొడవైన ముక్క వేయడం మంచి పనివాడి లక్షణం. సోల్డరింగ్ చేసిన చోటు బిరుసెక్కి, వంపులో ఉంటే దాని పక్కనే మళ్ళీ తెగుతుంది. ఇన్సులేషన్ టేపు వేసవి వేడికి జిగురు కారి ఊడిపోతుంది కనుక, వేడి తగిలితే ముడుచుకునే స్లీవు వేయాలి. ఒక తీగ తెగిన చోట దాని పక్కనున్నవీ అదే వయసువి కాబట్టి అన్నింటినీ అదే పూట పరీక్షించడం వివేకం.

తీగ బాగుంటే డోర్ ప్యాడ్ విప్పాలి. దాని వెనుక పలచని ప్లాస్టిక్ కాగితం ఒకటి అతికించి ఉంటుంది. అద్దం పక్కనుంచి తలుపులోకి దిగే వాన నీరు ఇటు రాకుండా ఆపేది అదే. కిట్ బిగించేటప్పుడు దాన్ని చింపి పారవేయడం ఎన్నో దుకాణాల్లో అలవాటు, ఆ ఒక్క అశ్రద్ధ వల్ల మోటార్లు, స్పీకర్లు, అట్టలు రెండు వానాకాలాలు తిరిగేసరికి పాడవుతాయి. తలుపు అడుగున నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలు మట్టితో మూసుకుపోతే నీరు లోపలే నిలిచి తాళం దాకా వస్తుంది, వాటిని సన్నని పుల్లతో శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు. మోటారుకు తీగలను కలిపే ప్లగ్గు, అంటే కప్లర్, ఊడదీసి, దాని రెండు కాళ్ళ మధ్య 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు పెట్టి రిమోట్ నొక్కినప్పుడు దీపం క్షణం మెరిస్తే కరెంటు వస్తున్నట్టు, అంటే మోటారు చెడినట్టు. మెరవకపోతే మోటారు దాకా కరెంటు రావడం లేదు, దారిలో ఎక్కడో లోపం ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా మోటారు మార్చమనేవారి మాట వినకపోవడం మంచిది.

ఇక అలారం సంగతి. అకారణంగా కూసే అలారం అనే మాట వాడుకలో ఉంది కానీ, ఏదో ఒక స్విచ్చో సెన్సారో కబురు పంపకుండా అది కూయదు. ఆ కబురు పంపగలిగేవి ఎక్కువ లేవు: తలుపుల స్విచ్చులు, డిక్కీ స్విచ్చు, బానెట్ కింద ఉండే పిన్ను స్విచ్చు, కుదుపును పసిగట్టే షాక్ సెన్సార్, కొన్ని కార్లలో లోపలి కదలికను పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సార్, మరికొన్నింటిలో వోల్టేజీ తగ్గుదలను పసిగట్టే ఏర్పాటు. కూత ఏ వేళ, ఏ వాతావరణంలో వస్తుందో రాసుకుంటే వీటిలో దోషి ఎవరో చాలాసార్లు తెలుస్తుంది. వాన కురిసిన రాత్రో, కారు కడిగిన సాయంత్రమో కూస్తే బానెట్ స్విచ్చును మొదట చూడాలి. ఇంజన్ వేడికీ, దుమ్ముకూ, నీటికీ ఎదురుగా ఉండే ఆ చిన్న స్విచ్చు తుప్పు పట్టినా, బానెట్ రబ్బరు బుష్‌లు అరిగి మూత కాస్త లేచినా అది తెరిచినట్టే కబురు పంపుతుంది. లారీలు పోయినప్పుడో, టపాకాయలు పేలినప్పుడో, ఉరిమినప్పుడో కూస్తే షాక్ సెన్సార్ మరీ సున్నితంగా పెట్టి ఉంది. దానిపై ఉండే చిన్న స్క్రూను తిప్పి సున్నితత్వం తగ్గించి, పిడికిలితో తలుపు అద్దం పక్కన తట్టి చూస్తూ సరిచేయాలి. ఎండలో అద్దం కొద్దిగా దించి ఉంచినప్పుడు కూస్తే అల్ట్రాసోనిక్ సెన్సార్ గాలి కదలికను మనిషి కదలికగా భ్రమపడుతోంది. కారు ఆపి తాళం వేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే కూస్తే, ఇంజన్ ఆగిన తర్వాత కూడా తిరిగే రేడియేటర్ ఫ్యాన్ లాగిన కరెంటుకు వోల్టేజీ పడిపోవడం కారణం కావచ్చు.

తలుపు స్విచ్చులకు నమ్మదగిన సాక్షి కారు లోపలి దీపం. తలుపులన్నీ మూసిన తర్వాత కూడా అది ఆరకపోయినా, రోడ్డు గతుకుల్లో మినుకుమన్నా ఏదో ఒక స్విచ్చు చెడింది. ఒక్కొక్క తలుపు తెరిచి స్విచ్చును వేలితో నొక్కి వదులుతూ దీపాన్ని గమనిస్తే ఏది నాటకమాడుతోందో కనబడుతుంది. అయినా తేలకపోతే సెన్సార్ల తీగలను ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్కటి చొప్పున ఊడదీసి చూడడమే మార్గం. ఏ తీగ ఊడదీసిన రాత్రి వీధి నిద్రపోయిందో ఆ తీగ చివరే లోపం ఉంటుంది. ఇది నిదానమైన పద్ధతే అయినా తప్పుదారి పట్టించదు. కొన్ని అలారాల్లో, కూత ఆపి తలుపు తెరిచినప్పుడు ఇండికేటర్లు గానీ, డ్యాష్‌బోర్డు మీది చిన్న దీపం గానీ వెలిగే లెక్కను బట్టి ఏ సెన్సార్ కబురు పంపిందో చెప్పే ఏర్పాటు కూడా ఉంటుంది, కిట్‌తో వచ్చిన కాగితం దొరికితే ఆ లెక్క అందులో ఉంటుంది.

ఇంటి ముందు రోజుల తరబడి కదలని కార్లలో ఎలుకలు కొరికిన తీగలు ఈ లోపాలన్నింటినీ ఒకేసారి పుట్టించగలవు. బానెట్ ఎత్తితే కొరికిన తొడుగు ముక్కలు, గడ్డి, పెంటికలు కనిపించిన చోట వైరింగ్ మొత్తం కొస నుంచి కొస దాకా చూడనిదే అలారం పరీక్షలకు అర్థం లేదు.

బ్యాటరీ పదేపదే దిగిపోవడం కూడా ఈ వ్యవస్థ లోపానికి ఒక ముఖం. ఆగి ఉన్న కారు కూడా అలారం, గడియారం వంటివాటికోసం కొద్ది కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, అది 50 మిల్లీ ఆంపియర్లకు లోపల ఉంటే చింత లేదు. చిన్న పెట్రోలు కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, నిండుగా ఉంటే, 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున పూర్తిగా ఖాళీ కావడానికి దాదాపు 29 రోజులు పడుతుంది, ఏదో రిలే అతుక్కుపోయి 500 మిల్లీ ఆంపియర్లు లాగితే మూడు రోజులు చాలు. స్టార్టు కావడానికి కావలసిన శక్తి అంతకు చాలా ముందే పోతుంది. దీన్ని కొలవడానికి నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, దానికీ తీగకూ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థాయిలో కలిపి, పెట్టెలు నిద్రలోకి జారుకునేదాకా అరగంట ఆగి చూడాలి. మీటరు మధ్యలో ఉండగా స్టార్టర్ తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది. ఆ తర్వాత ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో అదే దారి.

బయట బిగించిన అలారాల్లో మరో భాగం గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. దొంగ కారును నడపలేకుండా ఇంజన్‌కు వెళ్ళే తీగను మధ్యలో తెంపి అక్కడ ఒక రిలే పెడతారు. ఆ తీగ ఇగ్నిషన్‌దో పెట్రోలు పంపుదో అయితే, రిలే కొసలు కాలినా, కప్లర్ వదులైనా నడుస్తున్న కారు హైవే మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది, వెనుక వచ్చే లారీకి ఆ సంగతి తెలియదు. అదే రిలేను స్టార్టర్ తీగలో పెడితే లోపం వచ్చినా కారు స్టార్టు కాదు తప్ప నడిచే కారు ఆగదు. ఇగ్నిషన్ తీగలో రిలే ఉన్నదని తెలిసిన యజమాని దాన్ని స్టార్టర్ వైపు మార్పించుకోవడం ఆలస్యం చేయదగిన పని కాదు. సరైన తాళంచెవి లేనిదే ఇంజన్ స్టార్టు కాకుండా ఆపే, కంపెనీ బిగించిన ఇమ్మొబిలైజర్ దీనికి భిన్నమైనది. తాళంచెవి తలలోని చిప్పు, తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట ఇచ్చే శక్తితోనే పలుకుతుంది కనుక దానికి సెల్లు అక్కరలేదు. అందుకే అటువంటి చాలా కార్లలో రిమోట్ సెల్లు అయిపోయినా తాళంచెవితో తలుపు తీసి ఇంజన్ స్టార్టు చేయవచ్చు.

విసుగెత్తి సైరన్ తీగ తెంపడం మన ఊళ్ళలో సులభంగా దొరికే వైద్యం. దాని నష్టం ఆ కారుకే పరిమితం. సరిచేయకుండా కూస్తూ వదిలేసిన అలారం మాత్రం వీధి మొత్తానికి నష్టం చేస్తుంది, ఎందుకంటే పదిసార్లు ఊరికే కూసిన కారు పదకొండోసారి నిజంగా కూసినా ఎవరూ కిటికీ తెరవరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి, కారు సైరన్ దగ్గరగా వింటే 100 డెసిబెల్స్ దాటుతుంది. పక్కింట్లో పసిబిడ్డో, జబ్బుమనిషో, పరీక్షకు చదువుకునే విద్యార్థో ఉంటారన్న ఎరుక ఉన్న యజమాని మొదటి రాత్రే మేలుకొని మర్నాడే వెదకడం మొదలుపెడతాడు.

తలుపు తాళాన్ని చిన్న విషయంగా చూడకూడదనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. వేసవిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన పిల్లలు, తలుపు పడిపోయి, లోపలినుంచి తెరవలేక ప్రాణాలు కోల్పోయిన వార్తలు తెలుగు నాట ఒకటికి మించి వచ్చాయి. వెనుక తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ అనే చిన్న మీట వేసి ఉంటే ఆ తలుపు లోపలి హ్యాండిల్‌తో తెరుచుకోదు, దీన్నే చాలామంది లోపం అనుకుంటారు. ముందు తలుపుల లోపలి హ్యాండిళ్ళు మాత్రం కరెంటుతో నిమిత్తం లేకుండా పనిచేయాలి. కడ్డీ జారి హ్యాండిల్ ఉత్తగా ఆడుతున్న తలుపు మరమ్మతును మరునాటికి వాయిదా వేయకూడదు. ఆగి ఉన్న కారుకు ఎప్పుడూ తాళం పడి ఉండడం, తాళంచెవి పిల్లల చేతికి అందకపోవడం కూడా అంతే ముఖ్యం.

పని మొదలుపెట్టే ముందు ఒక కిటికీ అద్దం పూర్తిగా దించి ఉంచాలి, ఎందుకంటే పరీక్ష మధ్యలో తాళాలు పడిపోయి తాళంచెవి లోపలే ఉండిపోవడం ఈ పనిలో తరచు జరుగుతుంది. డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ దగ్గర పసుపు తొడుగుతో, పసుపు కప్లర్‌తో కనిపించే తీగలు ఎయిర్‌బ్యాగ్‌వి కనుక వాటికి టెస్ట్ ల్యాంపు గానీ మీటరు గానీ తాకించకూడదు. మరమ్మతు పూర్తయ్యాక తలుపులను తాళంచెవితో, రిమోట్‌తో, లోపలి పిన్నుతో విడివిడిగా వేసి తీసి, అలారం పెట్టి ఒక్కొక్క తలుపునూ, డిక్కీనీ, బానెట్‌నూ తెరిచి ప్రతిదానికీ కూత వస్తుందో లేదో చూసి, ఏ రంగు తీగను ఏ రంగు తీగతో ఎక్కడ కలిపారో, ఏ ఫ్యూజు దేనిదో తేదీతో సహా ఒక కాగితంపై రాసి ఫ్యూజు పెట్టె మూత లోపల అతికిస్తే, తరువాత ఆ కారు ఎవరి చేతికి వెళ్ళినా బానెట్ ఎత్తిన పనివాడికి వెదుకులాట అక్కడినుంచే మొదలవుతుంది.